37 ఏళ్ల వయసులో ఉద్యోగం వదిలి ఫ్యామిలీ లాయర్ కావచ్చా? బ్యాంకు నుంచి కోర్టుకు వచ్చిన నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగిన ఆవిడకు 37 ఏళ్లు. సొంత ఊరు అనంతపురం వైపు, ఉండేది బెంగళూరులో. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో 14 ఏళ్ల అనుభవం. తన విడాకుల కేసు నాలుగేళ్లు నడిచి ఈ మధ్యే ముగిసింది. ఆ నాలుగేళ్లలో కోర్టును దగ్గరగా చూశాక, తానే ఫ్యామిలీ లాయర్ అయితే తనలాంటి వారికి మేలు చేయగలనని అనిపిస్తోందట. వయసు మించిపోయిందా, ఉద్యోగం చేస్తూ చదవవచ్చా, కన్నడ తప్పనిసరా, ఇన్నేళ్ల అనుభవం బూడిదలో పోసిన పన్నీరేనా అని అడిగారు. చివర్లో నల్లకోటు గురించి కూడా ఒక మాట అడిగారు. దానికీ జవాబు చెబుతాను.

రావచ్చు. వయసు అడ్డం కాదు. లా కళాశాలలో మూడేళ్లు, ఆ తర్వాత ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా కనీసం మరో మూడేళ్లు, మొత్తం ఆరేళ్లు మీ సంపాదన లేకుండా ఇల్లు నడుస్తుందా అన్న లెక్క తేలాకే రాజీనామా రాయండి. మీ పాత అనుభవం ఎక్కడికీ పోదు. సగం అక్కరకొస్తుంది, మిగతా సగం కాళ్లకు అడ్డం పడుతుంది. మీ సొంత కేసు మాత్రం నాకు కొంచెం భయం కలిగించింది. దాని గురించి తర్వాత చెబుతాను.

ముందు నా సంగతి. మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో మూడేళ్లు లెక్కలు చెప్పాను. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి ఒక బ్యాంకులో 11 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం రుణాల విభాగంలోనే, ముఖ్యంగా బంగారంపై అప్పులు, ఇంటి అప్పులు. 36వ ఏట ఉద్యోగం మానేసి లా చేరాను. 2012లో సన్నదు, అంటే వకీలుగా పనిచేసే అనుమతి పత్రం, తీసుకున్నాను. అప్పటి నుంచి శాంతినగర్ బస్టాండుకు దగ్గర్లో సిద్ధయ్య రోడ్డులో ఉన్న కుటుంబ కోర్టు భవనం న్యాయదేగులలోనే నా రోజులు గడుస్తున్నాయి. కన్నడలో దేగుల అంటే గుడి. అక్కడికి వచ్చేవారి ముఖాలు చూస్తే మాత్రం గుడికి వచ్చిన కళ ఉండదు.

చదువు సంగతి

డిగ్రీ ఉన్నవారికి మూడేళ్ల ఎల్‌ఎల్‌బి. డిగ్రీలో జనరల్ కేటగిరీకి 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. ఇంజినీరింగ్ డిగ్రీ సరిపోతుంది. కర్ణాటకలో చాలా లా కళాశాలలు హుబ్బళ్లిలోని రాష్ట్ర లా విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్ కూడా 2022 నుంచి మూడేళ్ల కోర్సు నడుపుతోంది. దానికి విడిగా ప్రవేశ పరీక్ష రాయాలి, పోటీ గట్టిగానే ఉంటుంది.

ఉద్యోగం చేస్తూ చదవవచ్చా అంటే, నిజాయితీగా చెప్పాలంటే కుదరదు. లా అనేది దూరవిద్యలో చెల్లదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. 2024 సెప్టెంబరులో వకీళ్ల వృత్తికి, లా చదువుకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. విద్యార్థి ఉద్యోగంలో ఉన్నాడా, ఉంటే యాజమాన్యం అనుమతి ఉందా అన్నది రాసి ఇవ్వమంది. వేలిముద్ర హాజరు పెట్టమని కళాశాలలకు చెప్పింది. అయినా "మీరు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అనే దళారులు ఫోన్లు చేస్తూనే ఉంటారు, సరిహద్దుకు ఇవతలా అవతలా కూడా. అలా తెచ్చుకున్న డిగ్రీని ఎవరైనా తవ్వితే మీ సన్నదు మాత్రమే కాదు, అప్పటిదాకా మిమ్మల్ని నమ్మిన క్లయింట్ల కేసులూ గందరగోళంలో పడతాయి. ఆ దారి వద్దు.

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు. మా రోజుల్లో ఆ పేరు ఈ పేరు చెప్పి వేలకు వేలు కట్టించుకునేవారు. 2024 జూలైలో సుప్రీంకోర్టు దీన్ని ఆపింది. చట్టంలో ఉన్నట్లు జనరల్ కేటగిరీకి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి నమోదు రుసుము తీసుకోకూడదని తేల్చింది. నమోదు నాటికి మీరు ఎక్కడా పూర్తికాల జీతం ఉద్యోగంలో ఉండకూడదు. తర్వాత రెండేళ్లలో అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కాలి. నూరు ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, నోట్సు లేని చట్టాల పుస్తకాలు వెంట తీసుకెళ్లవచ్చు. పద్నాలుగేళ్లు తప్పులు వెతికిన మనిషికి ఇది పెద్ద గండం కాదు.

అసలు గండం జూనియర్‌గా ఉండే కాలం

39 ఏళ్ల వయసులో నేను చేరిన సీనియర్ నాకంటే ఐదేళ్లు చిన్న. బ్యాంకులో నా కింద తొమ్మిది మంది ఉండేవారు. ఇక్కడ మొదటి వారం నా పని కేసు కట్టలు మోసుకుని ఒక హాలు నుంచి మరో హాలుకు పరుగెత్తడం, కేసు పిలిచినప్పుడు "మా సీనియర్ పక్క హాలులో ఉన్నారు, కాస్త ఆగి పిలవండి" అని అడగడం. మూడో రోజే ఆ ఒక్క వాక్యం కూడా తడబడ్డాను. బెంచి క్లర్కు నన్ను క్లయింటు అనుకుని "మీ వకీలు ఎక్కడమ్మా?" అని అడిగాడు. తలనెరిసిన వారిని చూసి సీనియర్ అనుకుంటారు, లేదా కక్షిదారు అనుకుంటారు. జూనియర్ అని మాత్రం ఎవరూ అనుకోరు. కొన్నాళ్లకు నవ్వొచ్చింది కానీ ఆ రోజు సాయంత్రం బస్సులో ఏడుపు ఆపుకోవడం కష్టమైంది.

డబ్బు సంగతి దాచను. మొదటి ఏడాది నెలకు 6,000 రూపాయలు ఇచ్చారు. బ్యాంకులో మా ఇంటి అద్దె భత్యం అంతకంటే ఎక్కువ. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో జూనియర్లకు కనీసం 20,000 ఇవ్వమని చెప్పింది. అది సిఫార్సే, ఆదేశం కాదు. ఇచ్చేవారు ఇస్తున్నారు. నాకు నాలుగో ఏడు దాకా మా ఆయన జీతమే ఆధారం. మీరు ఒంటరిగా ఇల్లు నడుపుకుంటున్నారని రాశారు. అందుకే ఆరేళ్ల లెక్క అని అంత గట్టిగా అన్నాను. ఇంటి అప్పు ఉంటే ముందు అది తీర్చండి. మీ తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ఇప్పుడు మీ కంపెనీ మీద ఉంటే రాజీనామాకు ముందే విడిగా తీసుకోండి. నేను ఈ రెండో పని చేయలేదు. మా మామగారి ఆపరేషన్ నాడు దానికి మూల్యం చెల్లించాను.

మీ రంగంలో వారికి వచ్చే ఒక ఆలోచన కూడా ముందే చెబుతాను. వెబ్‌సైటు పెట్టి, ప్రకటనలిచ్చి క్లయింట్లను రప్పించుకోవచ్చు కదా అని. న్యాయవాదులు ప్రకటనలు ఇవ్వకూడదు. గెలిస్తే వచ్చే సొమ్ములో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోకూడదు. ఫలితంతో ఫీజును ముడిపెట్టడమే తప్పు. కాబట్టి పని ఒకరి నోట ఇంకొకరికి చేరి వస్తుంది, నిదానంగా.

పాత ఉద్యోగం అక్కరకొచ్చిన చోటు

ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నెల్లూరు వైపు అమ్మాయి. పెళ్లిలో పెట్టిన బంగారం తిరిగి ఇమ్మని అడుగుతోంది. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని 1985లోనే సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో చెప్పింది. చట్టం మా వైపే ఉంది, చిక్కంతా రుజువు దగ్గరే. అవతలివారు కౌంటరులో, అంటే మా పిటిషనుకు ఇచ్చిన జవాబులో, "అసలు బంగారమే లేదు, పెళ్లిలో పెట్టుకున్నవి గిల్టు నగలు" అని రాశారు. పెళ్లి ఫొటోలు నగ ఉందని చెబుతాయి, అది బంగారమని చెప్పవు. బిల్లులు లేవు. చాలా నగలు అమ్మమ్మ నుంచి వచ్చినవి.

అమ్మాయి తల్లి ఒక పాత పద్దు పుస్తకం తెచ్చింది. పాల లెక్కలు, చీటీ లెక్కలు రాసుకున్న పుస్తకం అది. వెనక అట్ట లోపల పెన్సిలుతో నగల జాబితా ఉంది. కాసులపేరు ఇన్ని సవర్లు, అరవంకీలు జత, చంద్రహారం, నల్లపూసలు రెండు పేటలు. కాసులపేరు పక్కన చిన్న అక్షరాల్లో "ఒక కాసు తెగింది, అతికించాలి" అని ఉంది. పుస్తకాన్ని చూసిన మా సీనియర్ "ఇది ఎవరైనా నిన్న రాత్రి కూర్చుని రాయవచ్చు" అని పక్కన పెట్టేశారు. ఆయన మాటలో తప్పు లేదు.

నేను మాత్రం అమ్మాయిని వేరే ప్రశ్న అడిగాను. "మీవారు ఫ్లాటు కొన్నప్పుడు ముందు సొమ్ము ఎక్కడి నుంచి తెచ్చారు?" బ్యాంకు ఇంటి విలువ మొత్తానికి అప్పు ఇవ్వదు. మిగతాది కొనేవారు తమ చేతి నుంచి పెట్టుకోవాలి. ఆ మిగతాది ఎలా వచ్చిందో ఫైలులో ఎక్కడో ఉండి తీరుతుంది. పదకొండేళ్లు నేను చూసిన ఫైళ్లలో ఈ కాగితం లేనిది ఒక్కటీ లేదు. ఆమెకు తెలియదు. "లాకరులో పెడతానని నగలు తీసుకెళ్లారు" అంది అంతే.

భర్త ఖాతా లావాదేవీల నకలు కోర్టు ద్వారా తెప్పించాం. ఫ్లాటు రిజిస్ట్రేషనుకు పన్నెండు రోజుల ముందు ఒక పెద్ద మొత్తం జమ అయింది. దాని పక్కన ఉన్న సంకేతం చూడగానే నాకు తెలిసిపోయింది, అది బంగారు అప్పు ఖాతా నుంచి వచ్చిన సొమ్ము. బ్యాంకులో పనిచేయని వారికి అది నాలుగు ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే. ఆ అప్పు తాలూకు ఫైలు పంపమని బ్యాంకుకు సమన్లు వేయించాం. బంగారం కుదువ పెట్టుకునేటప్పుడు బ్యాంకు తరఫు అప్రైజరు ప్రతి నగనూ గీటురాయి మీద గీసి, రాళ్ల బరువు తీసేసి, నికర బరువు కట్టి జాబితా రాస్తాడు. ఆ కాగితం వచ్చింది. నాలుగో వరుసలో కాసులపేరు ఉంది. వ్యాఖ్యల గడిలో "ఒక కాసు విడిగా ఉంది" అని రాసి ఉంది.

పద్దు పుస్తకాన్ని, ఆ కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూపించాం. వాదించాల్సింది పెద్దగా మిగల్లేదు. కేసు మీడియేషనుకు, అంటే మధ్యవర్తి ముందు రాజీ చర్చలకు, వెళ్లి రెండు సిట్టింగుల్లో రాజీతో ముగిసింది. ఆ కాగితం కోసం నేను చేసిందల్లా పాత ఉద్యోగంలో రోజూ చేసిన పనే.

మీకూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయ వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. బెంగళూరులో ఈ పత్రం వేసేవారిలో చాలామంది మీ రంగంవారే. జీతం చీటీలో చేతికొచ్చేది తక్కువ చూపించి, కంపెనీ షేర్లు, ఏడాది చివరి బోనసు, జాయినింగ్ బోనసు ఎక్కడా రాయరు. భవిష్య నిధికి తనంతట తాను అదనంగా కట్టుకునే మొత్తాన్ని తప్పనిసరి కోతలా చూపుతారు. అలా కావాలని పెట్టుకున్న కోతలను భరణం లెక్కలో కోర్టులు మామూలుగా ఒప్పుకోవు. కానీ అది అలాంటి కోత అని ఎవరో ఒకరు పసిగట్టాలి. మాకు చార్టర్డ్ అకౌంటెంటును అడిగితే తప్ప తెలియని సంగతి మీకు ఒక్క చూపులో తెలుస్తుంది. వాట్సాప్ సంభాషణల ముద్రిత ప్రతులు, వాటికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రం, అందులో రాయాల్సిన హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం), ఇవన్నీ సగం మంది వకీళ్లకు ఇప్పటికీ తలనొప్పి. మీకు మంచినీళ్ల ప్రాయం.

అదే అనుభవం దెబ్బతీసిన చోటు

ఇది చెప్పకపోతే నా జవాబు అబద్ధమవుతుంది. సొంతంగా కేసులు తీసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో పరస్పర అంగీకార విడాకుల కేసు ఒకటి వచ్చింది. శాశ్వత భరణం ఎంత అన్నదే తేలాలి. భర్త ఒక అంకె చెప్పాడు. నా క్లయింటు సరేననబోయింది. నేను ఆపాను. అతని ఆదాయం చూశాను, ఇంకా రాబట్టవచ్చని లెక్క తేలింది. రెండో సిట్టింగులో పెంచాడు. మూడోసారి ఇంకొంచెం పెంచాడు. నాకు బ్యాంకులో మొండి బాకీ వసూలు చేస్తున్న రోజులు గుర్తొచ్చి ఉత్సాహం వచ్చింది. నాలుగోసారి అతను కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నాకు విడాకులే వద్దు" అని అంగీకారం వెనక్కి తీసుకున్నాడు. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా అలా వెనక్కి తగ్గవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.

నా క్లయింటుకు విదేశంలో ఉద్యోగం వచ్చి ఉంది. ఆమెకు కావలసింది డబ్బు కంటే ముందు ఆ కాగితం. మళ్లీ ఒప్పందానికి రావడానికి ఏడాదిన్నర పట్టింది, ఆ ఉద్యోగం పోయింది, చివరికి దక్కిన అంకె రెండోసారి అతను చెప్పిన దానికంటే తక్కువ. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఫీజు మిగతా సగం ఇచ్చి, నమస్కారం పెట్టి వెళ్లింది. ఆ నమస్కారం ఇప్పటికీ గుర్తుంది.

బాకీదారు మళ్లీ కనిపించడు, వసూలైతే చాలు. ఇక్కడ పిల్లలుంటే ఆ ఇద్దరూ ఇంకో పదిహేనేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. మీ టెస్టింగ్ రంగంలోనూ ఇలాంటి అలవాటు ఒకటి ఉంటుంది. తప్పు దొరికితే వదలకపోవడం. అవతలి పక్షం పిటిషన్లో తేదీ తప్పు, చిరునామా తప్పు, పొంతన లేని వాక్యం, అన్నీ మీ కంటపడతాయి. అన్నిటినీ పట్టుకుని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తే కేసు మూడేళ్లు సాగుతుంది. ఏది వదిలేయాలో నేర్చుకోవడమే కష్టం.

ఇక మీ సొంత కేసు

మీరు రాసిన వాక్యాల్లో ఒకటి రెండుసార్లు చదివాను: "నాలాంటి ఏ ఆడపిల్లకూ ఇలా జరగనివ్వను." ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ మీ దగ్గరకు వచ్చే మొదటి క్లయింటు మగవాడు కావచ్చు. కూతుర్ని పద్నాలుగు నెలలుగా చూడని తండ్రి కావచ్చు. ఆడమనిషే వచ్చినా, ఆమెకు కావలసింది పోరాటం కాకపోవచ్చు. కొందరికి తిరిగి కాపురానికి వెళ్లాలని ఉంటుంది, మీకు ఎంత కష్టంగా అనిపించినా.

నా దగ్గర ఒక జూనియర్ ఉండేది. మీలాగే తన కేసు ముగిసి వచ్చింది, తెలివైన పిల్ల. ప్రతి కౌంటరులోనూ ఆమెకు తన మాజీ భర్తే కనిపించేవాడు. ఒకసారి అవతలివారు పంపిన రాజీ ప్రతిపాదనను క్లయింటుకు చెప్పకుండా తానే తిరగ్గొట్టింది. "ఆ మొత్తానికి ఒప్పుకోవడం ఆమెకే అవమానం" అంది. ప్రతిపాదన మంచిదో చెడ్డదో తేల్చాల్సింది క్లయింటు. నేను ఆమెను రెండేళ్లు సివిల్ దావాల వైపు పంపించాను, పొలం గట్ల తగాదాలు, అద్దె కేసులు. తర్వాత తిరిగి వచ్చింది, ఇప్పుడు నాకంటే ఓపికగా మీడియేషనులో కూర్చుంటుంది. అందుకే నా సలహా: మొదట రెండేళ్లు సివిల్ పని చేసే సీనియర్ దగ్గర చేరండి. ప్లీడింగులు, అంటే దావా, జవాబు పత్రాలు రాయడం, సాక్ష్యం నడపడం అక్కడే వస్తాయి. మీ గాయం మానడానికీ ఆ వ్యవధి సరిపోతుంది.

కన్నడ, తెలుగు

కన్నడ కావాలి. పిటిషన్లు, వాదనలు చాలావరకు ఇంగ్లిషులో నడిచిపోతాయి. సాక్షి నోరు విప్పితే కన్నడ. ఆఫీసులో ఫైలు ఎక్కడుందో కనుక్కోవాలన్నా కన్నడే. మన లిపి, వారి లిపి అక్కచెల్లెళ్లు. తలకట్టు తేడా పట్టుకుంటే అచ్చు కన్నడ పదిహేను రోజుల్లో చదువుతారు. పోలీసు స్టేషను నుంచి వచ్చే చేతిరాత చదవడానికి మాత్రం నాకు రెండేళ్లు పట్టింది.

తెలుగు మీకు ఆస్తి. ఈ ఊళ్లో తెలుగు జంటలు లెక్కలేనంత మంది. ఆఫీసులో రోజంతా ఇంగ్లిషు మాట్లాడే అమ్మాయి తన పడకగది గొడవ చెప్పాల్సి వచ్చేసరికి తెలుగులోకి వచ్చేస్తుంది. "పసుపు కుంకుమ కింద ఎకరం రాశారు", "ఆడపడుచు లాంఛనాల దగ్గర మాట పడింది", "మేనరికం కాబట్టి ఏమీ అనలేకపోయాం" అంటారు. ఈ మాటల వెనుక ఉన్న బరువు పక్క ఊరి వకీలుకు వివరించి చెప్పాలి, మీకు చెప్పక్కర్లేదు. మేనరికం పెళ్లి చెల్లుతుందా అని ఉత్తరాది వకీలు ఒకాయన కోర్టులోనే ఆశ్చర్యపోయాడు. ఆచారం ఉంటే చెల్లుతుందని హిందూ వివాహ చట్టం ఐదో సెక్షన్లోనే ఉంది.

మనవాళ్ల కేసుల్లో ఇంకో చిక్కు తరచుగా వస్తుంది. పెళ్లి ఒంగోలులో, కాపురం మారతహళ్లిలో, గొడవయ్యాక అమ్మాయి పుట్టింట్లో. భర్త బెంగళూరులో విడాకులు వేస్తాడు, భార్య ఒంగోలులో భరణం వేస్తుంది. భార్య తాను ఉంటున్న చోటే విడాకుల పిటిషన్ వేసుకునే వీలు 2003 సవరణతో వచ్చింది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కేసు బదిలీ కావాలంటే హైకోర్టు చాలదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకు వెళ్లాలి. ఇక్కడ ఒక వాయిదా, అక్కడ ఒక వాయిదా, ఢిల్లీలో ఒకటి. దీనికి తోడు గృహహింస కేసు మేజిస్ట్రేటు దగ్గర, అత్తింటి వేధింపుల కేసు (పాత 498ఏ, అంటే ఇప్పటి న్యాయ సంహితలో 85వ సెక్షన్) పోలీసు స్టేషనులో. ఫ్యామిలీ లాయర్ అంటే ఒకే భవనంలో కూర్చునే పని అనుకోవద్దు. నా మోకాళ్లు చెబుతాయి.

ఒక సంగతి లా కళాశాలలో గట్టిగా చెప్పరు

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్ చదవండి. ఆ కోర్టులో లాయరును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు. కోర్టు అనుమతిస్తేనే మనం నిలబడతాం. ఆచరణలో అనుమతి దొరుకుతుంది, వకాలతుతో పాటు ఒక చిన్న అర్జీ పెడతాం, అంతే. అయినా ఆ సెక్షన్ ఎందుకు పెట్టారో ఆలోచిస్తే ఈ కోర్టు స్వభావం తెలుస్తుంది. ముందు రాజీకి ప్రయత్నించమని తొమ్మిదో సెక్షన్ న్యాయమూర్తికే చెబుతుంది. వకీళ్లు దూరితే గొడవ పెరుగుతుందన్నది చట్టం చేసినవారి అనుమానం. ఆ నాలుగో సిట్టింగు నాడు నేను చేసింది చూస్తే వారి అనుమానం తప్పని అనలేను.

ఈ కోర్టులు కావాలని మన దేశంలో మొదట అడిగిన వారిలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1953లో చైనా వెళ్లి అక్కడి ఏర్పాటు చూసి వచ్చి, విడిగా కుటుంబ న్యాయస్థానాలు ఉండాలని నెహ్రూతోనూ న్యాయమూర్తులతోనూ మాట్లాడారు. చట్టం రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆవిడ కూడా నేరుగా లాలోకి రాలేదు. చిన్నప్పుడే ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి నడిపారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు, ఆగిన చదువు తర్వాత మళ్లీ మొదలుపెట్టి 1942లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు. వయసు గురించి దిగులు పడేటప్పుడు ఆవిడను తలచుకోండి. నేను తలచుకునేదాన్ని.

ముందుగా కోర్టు పని చూడాలంటే రాజీనామాకు ముందే ఒక నెల సెలవు పెట్టండి. కుటుంబ కోర్టులో విచారణ తరచుగా గది తలుపులు మూసి జరుగుతుంది కాబట్టి లోపల కూర్చోనివ్వకపోవచ్చు. సిటీ సివిల్ కోర్టు హాళ్లలో కూర్చోవచ్చు. ఉదయం పదిన్నరకు వెళ్లి సాయంత్రం దాకా ఉండండి. ఎక్కువ సేపు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని నెల రోజులు భరించగలిగారా, చూసుకోండి. మీ కేసు నడిచినన్నాళ్లూ మీరు వెళ్లింది వాయిదా రోజుల్లోనే. వకీలుకు అన్నీ వాయిదా రోజులే.

నల్లకోటు గురించి: ఎండాకాలంలో హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప మిగతా కోర్టుల్లో కోటు తప్పనిసరి కాదు. మెడకు కట్టే తెల్ల బ్యాండు ఏ కాలంలోనైనా ఉండాలి. కోటు ఒకటి చాలు, కాస్త వదులుగా కుట్టించుకోండి. బ్యాండ్లు మాత్రం అరడజను కొనండి. నాకు మొదటి ఏడాది రెండే ఉండేవి, వానాకాలం వస్తే ఒకటి ఎప్పుడూ తడిగానే ఉండేది.